పళ్ళు పుచ్చకుండా చూసుకోవడం: ఫ్లోరైడ్, తిండి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల పళ్ళ గురించి అడిగేవాళ్ళు చాలామంది తప్పంతా తమదే అన్నట్టు, కాస్త గొంతు తగ్గించి అడుగుతారు. ముఖ్యంగా తల్లులు. నాకది చాలా బాధగా ఉంటుంది. ఎందుకంటే పన్ను పుచ్చడంలో ఇంట్లోవాళ్ళ చేతిలో ఉన్నది కొంతే. మిగతాదంతా తాగే నీళ్ళలో ఏముంది, చుట్టూ ఏం అమ్ముతున్నారు, పేస్టులో ఏం కలిపారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఇంట్లో చేయాల్సినవీ, ఊరంతా కలిసి చేయాల్సినవీ రెండూ ఇక్కడ రాస్తున్నాను.

పన్నుని నిజంగా పురుగు తింటుందా?

లేదు. పురుగు పట్టింది అని మాటవరసకి అంటాం గానీ అక్కడ పురుగేమీ ఉండదు. పళ్ళ మీద పేరుకునే పాచిలో బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది, మనం తిన్న చక్కెరే దానికీ తిండి. అది తిని ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లం పన్ను పైన గట్టి పొర అయిన ఎనామిల్‌లోని కాల్షియాన్ని, ఫాస్ఫేట్‌ని కరిగిస్తుంది. ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత పీహెచ్, అది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ. పాచిలో పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి దిగితే కరగడం మొదలవుతుంది. కాసేపటికి ఉమ్ము ఆ ఆమ్లాన్ని విరిచేసి, తనలో ఉన్న కాల్షియం, ఫాస్ఫేట్‌లను మళ్ళీ పన్నుకి అందిస్తుంది. అంటే కరగడం, పూడడం రెండూ రోజంతా జరుగుతూనే ఉంటాయి. నెలల తరబడి కరగడమే ఎక్కువైతే ముందు సున్నం రాసినట్టు తెల్ల మచ్చ వస్తుంది, తర్వాత గుంట పడుతుంది. తెల్ల మచ్చ దశలో ఉన్నప్పుడు వెనక్కి తిప్పొచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు, గుంట పడేదాకా ఆగి అప్పుడు పరిగెడతారు.

రోజూ బ్రష్ చేసినా మా అమ్మాయికి పళ్ళు పుచ్చుతున్నాయి. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

బ్రష్ సంగతి పక్కన పెట్టి, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోట్లోకి తీపి ఎన్నిసార్లు వెళ్ళిందో ఒక్కరోజు కాగితం మీద రాయండి. 1940లలో రాబర్ట్ స్టీఫన్ అనే శాస్త్రవేత్త చక్కెర నీళ్ళు పుక్కిలించిన తర్వాత పాచిలో పీహెచ్ ఎలా మారుతుందో కొలిచాడు. కొద్ది నిమిషాల్లోనే అది పాతాళానికి పడిపోయింది, మళ్ళీ మామూలు స్థితికి రావడానికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టింది. ఇప్పుడు లెక్క వేయండి: భోజనంతో పాటు ఒకేసారి తీపి తింటే పన్నుకి ఒక్క దెబ్బ. అదే తీపిని దాచుకుని గంటకోసారి కొంచెం కొంచెం చప్పరిస్తే పది దెబ్బలు, మధ్యలో ఉమ్ముకి పని చేసే టైమే దొరకదు. జ్యూస్ సీసా పక్కన పెట్టుకుని చదువుకుంటూ ఒక్కో గుటక తాగే అలవాటు ఇందుకే అంత చెడ్డది.

దీన్ని రుజువు చేసిన అధ్యయనం ఒకటుంది. చెప్పకుండా ఉండలేను, చెప్పాలంటే కష్టంగానూ ఉంటుంది. స్వీడన్‌లో విపెహోల్మ్ అనే మానసిక వైకల్య కేంద్రంలో 1945 నుంచి 1950ల మొదటి సంవత్సరాల దాకా, అక్కడ ఉండేవాళ్ళకి రకరకాల పద్ధతుల్లో చక్కెర ఇచ్చి ఎవరి పళ్ళు ఎంత పుచ్చుతాయో చూశారు. భోజనంతో కలిపి ఇచ్చినవాళ్ళకి పెద్ద తేడా రాలేదు, భోజనాల మధ్యలో పళ్ళకి అంటుకునే టాఫీలు తిన్నవాళ్ళ పళ్ళు మాత్రం దారుణంగా పాడయ్యాయి. సమ్మతి చెప్పే స్థితిలో లేని మనుషుల మీద చేసిన పని అది, ముమ్మాటికీ తప్పు. మనకి తెలిసిన ఈ విషయం వాళ్ళ నొప్పితో వచ్చింది, కనీసం దాన్ని వృథా చేయకూడదు అనిపిస్తుంది నాకు.

అయితే ఎన్నిసార్లు తిన్నాం అన్నదే ముఖ్యమా? ఎంత తిన్నా ఫరవాలేదా?

ఫరవాలేదని కాదు. మామూలు జీవితంలో ఈ రెండూ కలిసే పెరుగుతాయి, ఎక్కువసార్లు తినేవాళ్ళు మొత్తమ్మీద ఎక్కువే తింటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది ఏమిటంటే, బయటి నుంచి కలిపిన చక్కెర మన రోజువారీ కేలరీలలో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. రోజుకి 2000 కేలరీలు తినే పెద్దమనిషికి 10 శాతం అంటే 50 గ్రాములు, 5 శాతం అంటే 25 గ్రాములు, అంటే ఆరు టీస్పూన్లు. 330 మిల్లీలీటర్ల మామూలు కోలా డబ్బాలో సుమారు 35 గ్రాములు ఉంటుంది. ఒక్క డబ్బాతోనే ఆ చిన్న లెక్క దాటిపోతుంది.

తేనె, పండ్ల రసం సహజమైనవే కదా?

సహజమైనవే, కానీ పాచిలో బ్యాక్టీరియా ఆ తేడా చూడదు. తేనె, పండ్ల రసం, సిరప్‌లు అన్నీ ఆ 50 గ్రాముల లెక్కలోకే వస్తాయి. పండుని పండులా కొరికి నమిలి తింటే లెక్కలోకి రాదు, ఎందుకంటే చక్కెర కణాల లోపల ఉంటుంది, నమిలేటప్పుడు ఉమ్ము కూడా బాగా ఊరుతుంది. తీపి కలపని పాలు కూడా రావు. అయితే పసిపిల్లని పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం వేరే సంగతి. నిద్రలో ఉమ్ము బాగా తగ్గిపోతుంది, పాలు పై పళ్ళ చుట్టూ గంటలకొద్దీ నిలిచి ఉంటాయి. సీసా అలవాటు మాన్పించడం కష్టమైతే ముందు అందులో నీళ్ళు పోసి ఇవ్వడంతో మొదలుపెట్టండి.

ఫ్లోరైడ్ చేసే పని ఏమిటి?

ఫ్లోరైడ్ అంటే రాళ్ళలో, నీళ్ళలో సహజంగా ఉండే ఒక ఖనిజం. పన్ను పూడే సమయంలో ఉమ్ములో కొద్దిగా ఫ్లోరైడ్ ఉంటే కాల్షియం, ఫాస్ఫేట్ తొందరగా వెనక్కి చేరతాయి. అలా చేరిన పొర పాతదానికంటే గట్టిది, పీహెచ్ 4.5 దాకా పడితే గానీ కరగదు. బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేసే పనిని కూడా ఫ్లోరైడ్ కొంత అడ్డుకుంటుంది. ఒకప్పుడు చిన్నతనంలో ఫ్లోరైడ్ కడుపులోకి వెళితే పళ్ళు లోపల్నుంచే గట్టిగా తయారవుతాయని, అదే అసలు లాభమని అనుకునేవాళ్ళు. ఇప్పుడు తెలిసింది ఏమిటంటే, లాభంలో ఎక్కువ భాగం పన్ను పైభాగాన తగిలేదాని నుంచే వస్తుంది. అందుకే కొంచెమే అయినా రోజూ తగలాలి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఫ్లోరైడ్ ఉంది కదా అని తీపి ఎంతైనా తినొచ్చు అనుకోవద్దు. ఫ్లోరైడ్ పుచ్చుని నెమ్మదింపజేస్తుంది. రోజంతా తీపి చప్పరించే నోట్లో అది ఓడిపోతుంది.

ఫ్లోరైడ్ సంగతి మొదట ఎలా బయటపడింది?

మచ్చల వల్ల. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కి వచ్చి చూస్తే అక్కడి చాలామంది పళ్ళ మీద గోధుమరంగు మరకలు ఉన్నాయి. కారణం ఎవరికీ తెలియదు. ఆయన ఏళ్ళ తరబడి దాని వెంట పడ్డాడు, ఆ మరకలున్న పళ్ళు పెద్దగా పుచ్చడం లేదని కూడా గమనించాడు. చివరికి 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ నీళ్ళని పరీక్షించి ఆ మరకలకి కారణం ఫ్లోరైడ్ అని తేల్చాడు. ఆ తర్వాత అమెరికా ప్రజారోగ్య విభాగం డెంటిస్టు ట్రెండ్లీ డీన్ ఊరూరా నీళ్ళూ పళ్ళూ పోల్చి చూసి, లీటరుకి సుమారు 1 మిల్లీగ్రాము ఉంటే పుచ్చు తగ్గుతుంది, మరకలు పెద్దగా రావు అని చెప్పాడు. 1945 జనవరి 25న అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం తన నీళ్ళలో ఆ మోతాదు కలపడం మొదలుపెట్టింది, ప్రపంచంలో అదే మొదటిది. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో పుచ్చు 60 శాతానికి పైగా తగ్గింది.

ఈ కథలో నాకు నచ్చేది ఏమిటంటే, హాని చేసే మోతాదు ఏది, మేలు చేసే మోతాదు ఏది అన్న రెండు ప్రశ్నలూ మొదటి నుంచీ కలిసే నడిచాయి. ఇప్పుడు వాదించేవాళ్ళు వాటిని విడదీసి చెరొకటి పట్టుకుంటున్నారు.

కానీ ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోతాయి కదా?

పోతాయి, మోతాదు మించితే. ఈ భయం ఉత్తిదని నేను అనను. కొన్నిచోట్ల భూమి లోపలి రాళ్ళ నుంచే నీళ్ళలోకి ఫ్లోరైడ్ ఎక్కువగా దిగుతుంది, అలాంటి నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళ మీద గార మరకలు, గుంటలు వస్తాయి, ఇంకా ఎక్కువైతే కీళ్ళు బిగుసుకుపోయి, వెన్ను వంగిపోయి మనిషి జీవితమే మారిపోతుంది. ఎముకల ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు వచ్చాక వెనక్కి తిప్పే మందు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. పళ్ళ కోసం నీళ్ళలో కలిపే చోట అమెరికా 2015 నుంచి చెప్తున్న మోతాదు 0.7 మిల్లీగ్రాములు.

కాబట్టి మొదటి పని నీళ్ళని పరీక్ష చేయించడం. మీరు తాగే బోరు నీళ్ళలో 3 మిల్లీగ్రాములు ఉంటే మీ సమస్య దాన్ని తీసేయడం, ఇంకెవరో చెప్పిన ఫ్లోరైడ్ లాభాలు మీకు వర్తించవు. మరిగిస్తే పోతుంది అనుకునేవాళ్ళు ఉన్నారు, పోదు, నీళ్ళు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. మామూలు బొగ్గు ఫిల్టర్ కూడా పెద్దగా తీయదు. రివర్స్ ఆస్మాసిస్, యాక్టివేటెడ్ అల్యూమినా, పటిక సున్నం కలిపి తేర్చడం లాంటివి పనిచేస్తాయి, అన్నిటికంటే మంచిది వేరే చోటి నుంచి శుభ్రమైన నీళ్ళు తెచ్చుకోవడం.

అలాంటి చోట ఫ్లోరైడ్ పేస్టు కూడా మానేయాలా? పెద్దవాళ్ళు ఉమ్మేస్తారు కాబట్టి అక్కర్లేదు. చిన్న పిల్లలకి ఎంత వాడాలో డెంటిస్టుని అడిగి, పక్కన నిలబడి వాడించండి.

ఫ్లోరైడ్ వల్ల పిల్లల తెలివితేటలు తగ్గుతాయంటున్నారు, నిజమేనా?

విష పదార్థాల మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024 ఆగస్టులో ఇచ్చిన నివేదిక చూసి చాలామందికి టెన్షన్ పట్టుకుంది. అందులో చెప్పింది ఇది: నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించిన చోట పిల్లల ఐక్యూ తక్కువగా ఉండటానికి సంబంధం కనిపిస్తోంది, ఆ మాట మీద తమకి మధ్యస్థమైన నమ్మకం ఉంది. 0.7 దగ్గర అలా జరుగుతుందా అన్నది తేల్చడానికి సమాచారం సరిపోలేదని కూడా అదే నివేదిక చెప్పింది. నా ఉద్దేశం: 1.5 హద్దుని అందరూ ఇంకా గట్టిగా పట్టుకోవడానికి ఇది మరో కారణం. బ్రష్ మీద పెట్టుకుని ఉమ్మేసే పేస్టుకి భయపడటానికి ఇందులో ఏమీ లేదు.

పేస్టులన్నిట్లో ఫ్లోరైడ్ ఉన్నప్పుడు నీళ్ళలో కూడా కలపాలా?

ఇది న్యాయమైన ప్రశ్న, జవాబు కూడా కాలంతో పాటు మారింది. వైద్య అధ్యయనాలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2024లో ఇచ్చిన సమీక్ష ప్రకారం, 1975, అంతకుముందు చేసిన అధ్యయనాల్లో నీళ్ళలో ఫ్లోరైడ్ కలిపిన చోట ఒక్కో పిల్లవాడికి సగటున రెండు పాల పళ్ళు పాడవకుండా మిగిలాయి. 1975 తర్వాతి అధ్యయనాల్లో ఆ లాభం పావు పన్నుకి పడిపోయింది. మధ్యలో ఫ్లోరైడ్ పేస్టు ఇంటింటికీ చేరడమే దీనికి పెద్ద కారణం. పావు పన్ను అంటే ఏముందిలే అనిపిస్తుంది, కానీ లక్షమంది పిల్లలుంటే అది పాతిక వేల పళ్ళు.

కెనడాలోని క్యాల్గరీ నగరం 2011లో నీళ్ళలో కలపడం ఆపేసింది. ఆపకుండా కొనసాగించిన ఎడ్మంటన్‌తో పోలిస్తే అక్కడి పిల్లల పాల పళ్ళు ఎక్కువగా పుచ్చాయి, జనం ఓటు వేసి మళ్ళీ తెమ్మన్నారు, 2025లో తిరిగి మొదలైంది. ఇంకోవైపు అమెరికాలో యూటా రాష్ట్రం అదే 2025లో నీళ్ళలో కలపడాన్ని నిషేధించింది. స్విట్జర్లాండ్ 1950లలోనే ఉప్పులో కలిపే దారి పట్టింది. కొందరు ఏమీ కలపకుండా బడుల్లో పేస్టు మీద దృష్టి పెట్టారు. ఒక్కటే దారి అని నేను అనను. ఇంటికి పేస్టు కొనలేనివాళ్ళు, కొన్నా రోజూ వాడించే తీరిక లేనివాళ్ళు ఎక్కువున్న చోట నీళ్ళు, ఉప్పు లాంటివి అందరికీ సమానంగా చేరతాయి. ఆ సంగతి మర్చిపోయి తీసే నిర్ణయం మాత్రం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

పేస్టు ఏది కొనాలి, ఎంత వాడాలి?

పేరు చూడకండి, డబ్బా మీద పీపీఎం అంకె చూడండి, పేస్టు పది లక్షల భాగాల్లో ఫ్లోరైడ్ ఎన్ని భాగాలో అది చెప్తుంది. 1000 నుంచి 1500 మధ్య ఉండాలి. ఫ్లోరైడ్ లేని పేస్టు నోటి వాసన పోగొడుతుంది, పుచ్చుని పెద్దగా ఆపదు. మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి బఠాణీ గింజంత చాలు. ప్రకటనల్లో బ్రష్ పొడవునా పాములా పిండి చూపిస్తారు, అంత ఎవరికీ అక్కర్లేదు. మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే మొదలుపెట్టండి. ఏడేళ్ళు వచ్చేదాకా పెద్దవాళ్ళే చేయాలి లేదా పక్కనే ఉండి చేయించాలి, ఆ వయసులో చేతికి అంత నేర్పు ఉండదు.

రాత్రి పడుకునే ముందు చేసే బ్రష్ అన్నిటికంటే ముఖ్యం. నురుగు ఉమ్మేయండి కానీ నీళ్ళతో పుక్కిలించకండి. ఇది చెప్తే అందరూ ఆశ్చర్యపోతారు. ఇంతసేపూ రుద్దిన ఫ్లోరైడ్‌ని పుక్కిలించి కడిగేస్తే ఇంక రాత్రంతా పని చేయడానికి ఏం మిగులుతుంది?

పిల్లాడు పేస్టు మింగేశాడు. ఏమవుతుంది?

బియ్యపు గింజంత మింగితే ఏమీ కాదు. ట్యూబు పిండుకుని తింటే వేరు. శరీర బరువులో కిలోకి 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. 1000 పీపీఎం పేస్టులో గ్రాముకి 1 మిల్లీగ్రాము ఉంటుంది కాబట్టి 10 కిలోల బిడ్డకి ఆ లెక్క 50 గ్రాముల పేస్టు, 1450 పీపీఎం అయితే 35 గ్రాములు. వెళ్ళేలోపు పాలు తాగించండి, కాల్షియం ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది. ట్యూబు అందని ఎత్తులో పెట్టండి.

పాల పళ్ళు ఎలాగూ ఊడిపోతాయి, అంత పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. వెనక పాల పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. పుచ్చు నొప్పితో రాత్రుళ్ళు నిద్రపోని పిల్ల పగలు పాఠం ఏం వింటుంది? తిండి కూడా సరిగా తినదు. చీము పడితే కింద తయారవుతున్న శాశ్వత పన్ను దెబ్బతినొచ్చు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా ప్రకారం పాల పళ్ళలో పుచ్చు ఉన్న పిల్లలు ప్రపంచంలో 51 కోట్ల మందికి పైనే.

ఇప్పుడు డ్రిల్లింగ్ లేకుండా పుచ్చుని అక్కడికక్కడ ఆపే మందు ఒకటుంది, సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. పుచ్చిన చోట పూస్తే నల్లబడి గట్టిపడుతుంది. ఆ నలుపు పోదు, అదొక్కటే ఇబ్బంది. నొప్పి లేదు, సూది లేదు, కుర్చీలో కూర్చోవడానికి భయపడే పిల్లకి పెద్ద వరం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోకి కూడా చేరింది.

పళ్ళు ఎక్కువగా పుచ్చే పిల్లల్ని వెతికి వాళ్ళకే చికిత్స చేస్తే చాలదా?

వాళ్ళకి చేయాల్సిందే. కానీ అక్కడితో ఆగితే లెక్క కుదరదు. 1985లో జెఫ్రీ రోజ్ అనే వైద్యుడు చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది: కొద్దిపాటి ముప్పు ఉన్నవాళ్ళు చాలా ఎక్కువమంది ఉంటారు కాబట్టి, మొత్తం జబ్బులో పెద్ద వాటా వాళ్ళ దగ్గర్నుంచే వస్తుంది. పది పళ్ళు పుచ్చిన పిల్లలు కొద్దిమందే, ఒకటి రెండు పుచ్చినవాళ్ళు లెక్కలేనంత మంది. పైగా ముప్పున్న ఈ ఏటి పిల్లలకి నయం చేస్తే, అదే తిండి, అదే నీళ్ళ మధ్య వచ్చే ఏడాది ఇంకో గుంపు తయారవుతుంది.

చక్కెర మీద ట్యాక్సు ఇలాంటి ఆలోచనతోనే వచ్చింది. బ్రిటన్ 2018 ఏప్రిల్‌లో తీపి డ్రింకుల మీద లెవీ వేసింది, 100 మిల్లీలీటర్లలో 5 గ్రాములు దాటితే ఒక రేటు, 8 దాటితే ఇంకో రేటు. ఆ ట్యాక్సు తప్పించుకోవడానికి కంపెనీలే చక్కెర తగ్గించాయి. తాగేవాళ్ళు అలవాటు మార్చుకోకపోయినా వాళ్ళ నోట్లోకి వెళ్ళే చక్కెర తగ్గిపోయింది. పుచ్చిన పళ్ళు పీకించుకోవడానికి ఆసుపత్రుల్లో చేరే పిల్లలు సుమారు 12 శాతం తగ్గారని తర్వాత ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎన్ని పోస్టర్లు అంటించినా రాని ఫలితం అది.

పెద్దవాళ్ళకి ఇవన్నీ అవసరమా?

అవసరమే. వయసు పెరిగేకొద్దీ చిగుళ్ళు కిందికి జారి వేరు బయటపడుతుంది, వేరు మీద ఎనామిల్ ఉండదు కాబట్టి ఇంకా తేలిగ్గా పుచ్చుతుంది. బీపీకి, డిప్రెషన్‌కి, అలర్జీకి వాడే మందుల్లో చాలావాటి వల్ల నోరు ఎండిపోతుంది. నోరు పిడచకట్టుకుపోతోందని తీపి బిళ్ళలు చప్పరించేవాళ్ళు ఉంటారు, ఆ పని చేయకండి. చక్కెర లేని చూయింగ్ గమ్ నమలండి, నీళ్ళు గుటక గుటకగా తాగండి, ఎక్కువ పీపీఎం ఉన్న పేస్టు కావాలేమో డెంటిస్టుని అడగండి.

మా బడిలో ఏదైనా చేయాలని ఉంది, డబ్బులు పెద్దగా లేవు. దేనితో మొదలుపెట్టాలి?

రోజూ ఒకసారి, అందరూ కలిసి, టీచర్ ముందు బ్రష్ చేయడంతో. స్కాట్లాండ్‌లో చైల్డ్‌స్మైల్ అనే కార్యక్రమం నర్సరీ పిల్లలతో ఇదే చేయించింది, చిన్న పిల్లల పుచ్చు తగ్గింది, చికిత్స ఖర్చు కూడా మిగిలింది. మీకు కావాల్సింది పిల్లకో బ్రష్, 1000 పీపీఎం దాటిన పేస్టు, రెండు నిమిషాలు. సింకు కూడా అక్కర్లేదు, టిష్యూలోకి ఉమ్మి పారేస్తే సరిపోతుంది, ఎలాగూ పుక్కిలించొద్దు. డెంటిస్టు వచ్చి వెళ్ళే ఏర్పాటు ఉంటే ఏడాదికి రెండుసార్లు ఫ్లోరైడ్ వార్నిష్ (పళ్ళకి పూసే ఫ్లోరైడ్ పూత) వేయించండి, ఆరేళ్ళకి వచ్చే దవడ పళ్ళ గాడులని మూసే పూత, సీలెంట్, అడగండి. పుట్టినరోజులకి మిఠాయిలు పంచడం ఆపమని తల్లిదండ్రులకి ఒక్కొక్కరికీ చెప్పడం కంటే, బడి మొత్తానికి ఒక్క నియమం పెట్టండి, ఎవరి మీదా నింద పడదు.

పేస్టుని మీరే ఒక ప్లేటు అంచున చిన్న చిన్న చుక్కలుగా పెట్టి, ఒక్కో చుక్క ఒక్కో బ్రష్‌తో తీసుకోమనండి, ట్యూబు నేరుగా బ్రష్‌లకి తగలకూడదు. బ్రష్‌ల మీద పేర్లు రాయండి, కడిగాక ఒకదానికొకటి ఆనకుండా నిలబెట్టి ఆరనివ్వండి, మూడు నెలలకోసారి మార్చండి.